మైగ్రేన్ రాకుండా సప్లిమెంట్లు: ఏది ముందు మొదలుపెట్టాలి, ఏది అసలు వద్దు

పార్శ్వపు నొప్పి ఉన్నవాళ్ళ కోసం రాస్తున్నాను. ఫోను వెలుగు చూడటం కూడా కష్టంగా ఉన్న రోజున చదువుతుంటారేమో అని, చెప్పాల్సింది ముందే చెప్పేస్తాను. నెలకి నాలుగైదు రోజులు మైగ్రేన్ వస్తూ, ఏదైనా విటమినో ఖనిజమో వాడి చూద్దాం అనుకుంటుంటే ముందు మెగ్నీషియం. ఊరికే కడుపు పాడయ్యే మనిషైతే ముందు విటమిన్ బి2. ఈ రెండూ ఒకదాని తర్వాత ఒకటి చూశాక, ఇంకా డబ్బు పెట్టగలం అనుకుంటే కోక్యూ10, అంటే కణాల్లో శక్తి తయారీకి పనికొచ్చే విటమిన్ లాంటి పదార్థం. నిద్ర సరిగ్గా పట్టనివాళ్ళు మెలటోనిన్ అనే నిద్ర హార్మోను గురించి డాక్టరుని అడగొచ్చు. బటర్‌బర్ అనే మొక్క పేరు సీసా మీద కనిపిస్తే దాన్ని అక్కడే పెట్టేసి రండి. ఏది తీసుకున్నా ఒకసారి ఒకటే, కనీసం మూడు నెలలు, రోజులు లెక్క రాసుకుంటూ. కారణాలు ఓపికున్నప్పుడు చదువుకోండి.

నాకు ఈ నొప్పి డిగ్రీ రెండో సంవత్సరం నుంచి ఉంది. ఎడమ కణత దగ్గర మొదలై, కంటి వెనక్కి దిగి, మెడ దాకా పట్టేస్తుంది. పోపు వాసన పడదు, ట్యూబ్‌లైటు పడదు, పక్కింట్లో మిక్సీ వేసినా వాంతి వచ్చేలా ఉంటుంది. మా అమ్మ శొంఠి అరగదీసి నుదుటికి పట్టు వేసి, తలుపులన్నీ మూసి, ఎవరినీ మాట్లాడనిచ్చేది కాదు. ఆ చీకటి గదిలో సాయంత్రం దాకా పడుకోవడమే మందు. ఉద్యోగంలో చేరాక అలా పడుకునే వీలు లేదు కదా, నొప్పి గోలీలు మొదలయ్యాయి, అవి నెలకి ఒక స్ట్రిప్పు నుంచి రెండు స్ట్రిప్పులయ్యాయి. అప్పుడు ఎవరో చెప్పగా విని, మరొకరు చెప్పగా విని, మెగ్నీషియం, బి2, కోక్యూ10 మూడు సీసాలూ ఒకే రోజు కొని ఒకే రోజు మొదలుపెట్టాను. ఐదో వారానికి నొప్పి కాస్త తగ్గినట్టే అనిపించింది. ఆరో వారం విరేచనాలు పట్టుకున్నాయి. తగ్గించింది ఏదో తెలీదు, కడుపు పాడుచేసింది ఏదో తెలీదు. భయపడి మూడూ ఆపేశాను. పెట్టిన డబ్బు సంగతి అలా ఉంచి, ఆ ఆరు వారాల్లో నా గురించి నేను తెలుసుకున్నది ఏమీ లేదు. ఒకసారి ఒకటే అని అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను.

ఇది మన చుట్టుపక్కల తక్కువేమీ కాదు. బెంగళూరులో, దాని చుట్టుపక్కల పల్లెల్లో ఇంటింటికీ తిరిగి చేసిన సర్వేలో పెద్దవాళ్ళలో దాదాపు నలుగురిలో ఒకరికి ఏడాదిలో మైగ్రేన్ వచ్చినట్టు తేలింది. ఆడవాళ్ళలో ఇంకా ఎక్కువ. అయినా మన ఇళ్ళల్లో ఇప్పటికీ "ఎండలో తిరిగావు, తల నొప్పొచ్చింది" అనే మాటతోనే సరిపెట్టేస్తారు.

ఏది కొనాలో చూసే ముందు, అసలు ఇప్పుడు సప్లిమెంట్ కొనాలా వద్దా అనేది ఒకటుంది. తలనొప్పి క్షణాల్లో తట్టుకోలేనంతగా వచ్చినా, జ్వరంతో పాటు మెడ బిగుసుకుపోయినా, మాట తడబడినా, చెయ్యో కాలో పట్టు తప్పినా, యాభై దాటాక జీవితంలో మొదటిసారి ఇలాంటి నొప్పి మొదలైనా, అది సీసాలు పోల్చుకునే సమయం కాదు, వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి. నొప్పికి ముందు కళ్ళ ముందు మెరుపు గీతలో, చూపులో ఖాళీ మచ్చలో వచ్చే ఆరా ఉండి, ఈస్ట్రోజెన్ ఉన్న గర్భనిరోధక గోలీలు వాడుతున్న ఆడవాళ్ళయితే పక్షవాతం ప్రమాదం పెరుగుతుంది, ఆ సంగతి డాక్టరుకి తప్పకుండా చెప్పాలి. చాలామంది అడగరు, మనమూ చెప్పం.

ఇంకొకటి, నొప్పి గోలీల లెక్క. మామూలు పారాసెటమాల్, ఐబుప్రోఫెన్ లాంటివి నెలలో 15 రోజులో అంతకన్నా ఎక్కువో, లేదా మైగ్రేన్ కోసమే వాడే ట్రిప్టాన్లు, కెఫీన్ కలిపిన గోలీలు, ఎర్గోటమిన్ ఉన్నవి 10 రోజులో అంతకన్నా ఎక్కువో, మూడు నెలలు దాటి వేసుకుంటుంటే ఆ గోలీలే తలనొప్పిని తెచ్చిపెడతాయి. ఇది మన మందుల షాపుల్లో చీటీ లేకుండా దొరికే గోలీలతోనే జరిగిపోతుంది. ఆ స్థితిలో ఎంత మంచి మెగ్నీషియం వేసుకున్నా ఉపయోగం కనిపించదు, ముందు ఆ గోలీలు తగ్గించుకోవాలి, అది డాక్టరు చూస్తుండగా చెయ్యాలి. నాకు జరిగింది ఇదేనని తర్వాత నరాల డాక్టరు చెబితే తెలిసింది.

ఇక మెగ్నీషియం. దీని గురించి ఎక్కువ చెబుతాను, ఎందుకంటే ఎక్కువమంది తప్పు కొనేది దీన్నే.

ఆరా ఉన్నవాళ్ళకి మైగ్రేన్ వచ్చే ముందు మెదడు పైపొరలో ఒక అల లాంటిది నెమ్మదిగా పాకుతుంది, కళ్ళ ముందు కనిపించే గీతలు దాని వల్లే. మెగ్నీషియం తక్కువగా ఉంటే ఆ అల సులువుగా మొదలవుతుందని, మైగ్రేన్ ఉన్నవాళ్ళలో కొంతమందికి ఇది తక్కువగా ఉంటుందని అంటారు. రక్తపరీక్షలో నార్మల్ అని వచ్చినంత మాత్రాన ఒంట్లో సరిపడా ఉందని కాదు, ఎందుకంటే రక్తంలో ఉండేది మొత్తంలో ఒక శాతం కూడా కాదు, మిగతాదంతా ఎముకల్లో, కండరాల్లో ఉంటుంది. 1996లో జర్మనీలో 81 మంది మీద చేసిన పరీక్షలో రోజుకి 600 మి.గ్రా. మెగ్నీషియం 12 వారాలు ఇస్తే, చివరి వారాలకి నొప్పి వచ్చే సంఖ్య దాదాపు 42 శాతం తగ్గింది, పోలిక కోసం మందు లేని ఉత్తుత్తి గోలీ వేసుకున్నవాళ్ళకి 16 శాతం తగ్గింది. అదే ఏడాది అక్కడే ఇంకొక పరీక్షలో వేరే రకం మెగ్నీషియం ఇస్తే ఏ తేడా కనిపించలేదు. కాబట్టి ఇది ఖాయంగా పనిచేస్తుందని నేను అనను, కానీ ఆధారం, ధర, ప్రమాదం మూడూ కలిపి తూచితే ముందు దీన్నే చూడటం న్యాయం. 2012లో అమెరికా నరాల డాక్టర్ల సంఘం ఇచ్చిన సూచనల్లో కూడా మెగ్నీషియం, బి2 రెండూ బహుశా పనిచేస్తాయి అనే వరుసలో ఉన్నాయి, కోక్యూ10 వాటి కింది మెట్టు మీద ఉంది.

సీసా దగ్గరికి వద్దాం. ముందు వైపు పెద్ద అక్షరాలతో "మెగ్నీషియం గ్లైసినేట్ 2000 మి.గ్రా." అని ఉంటుంది. అది మెగ్నీషియం బరువు కాదు, మెగ్నీషియాన్ని మోసుకొచ్చే లవణం మొత్తం బరువు. గ్లైసినేట్‌లో అసలు మెగ్నీషియం 14 శాతం చుట్టుపక్కల ఉంటుంది, సిట్రేట్‌లో 16 శాతం దాకా, ఆక్సైడ్‌లో 60 శాతం. అంటే ఆ 2000లో మీకు దక్కేది 280. సీసా వెనక్కి తిప్పితే చిన్న అక్షరాల్లో ఎలిమెంటల్ మెగ్నీషియం ఎంత అని ఉంటుంది, చూడాల్సింది ఆ అంకె. ఆ అంకె కూడా ఒక గోలీకా, రెండు గోలీలకా అన్నది దాని పక్కనే ఉంటుంది. నేను మొదట కొన్న సీసా మీద రాసినంత మోతాదు రావాలంటే రోజుకి మూడు గోలీలు వెయ్యాలి, నేను ఒకటే వేసుకున్నాను, నెలకి సరిపోతుందనుకున్న సీసా నెల దాటినా అయిపోలేదని సంతోషపడ్డాను కూడా. అసలు మెగ్నీషియం ఎంతో రాయని సీసా ఎంత చవకైనా కొనకండి.

మరి ఆక్సైడ్‌లో 60 శాతం ఉంది కదా, అదే కొనొచ్చు కదా అంటే, కొనొచ్చు, చవక కూడా. కానీ అది పేగుల్లో సరిగ్గా ఇంకదు, మిగిలిపోయింది నీటిని లాగి విరేచనం చేస్తుంది. మలబద్ధకం ఉన్నవాళ్ళకి అదే మేలు కావచ్చు. సిట్రేట్ మధ్యస్థం. గ్లైసినేట్ కడుపుకి తేలిక అని చాలామంది అనుభవం, నాదీ అదే, కాకపోతే ఖరీదు. మైగ్రేన్ పరీక్షల్లో మాత్రం గ్లైసినేట్‌ని పెద్దగా చూడలేదు, ఆ 1996 నాటిది సిట్రేట్ రకం. నా ఎంపిక ఇది: మొదటి సీసా సిట్రేట్, కడుపు ఒప్పుకోకపోతే గ్లైసినేట్. రాత్రి భోజనం తర్వాత, మొదటి రెండు వారాలు అసలు మెగ్నీషియం 100 నుంచి 200 మి.గ్రా., తర్వాత మెల్లగా పెంచడం. డాక్టర్లు మైగ్రేన్‌కి 400 నుంచి 600 దాకా చెబుతుంటారు, కానీ సప్లిమెంటుగా సొంతంగా వేసుకునేదానికి అమెరికా పోషకాహార నిపుణులు పెట్టిన హద్దు 350, కాబట్టి ఆ పైకి వెళ్ళాలంటే డాక్టరుని అడిగే వెళ్ళండి.

కిడ్నీ సమస్య ఉన్నవాళ్ళు దీన్ని సొంతంగా అసలు మొదలుపెట్టకూడదు. కిడ్నీలు బయటికి పంపలేకపోతే మెగ్నీషియం రక్తంలో పేరుకుని గుండె మీద పడుతుంది. షుగరు, బీపీ చాలా ఏళ్ళుగా ఉన్నవాళ్ళు ముందు క్రియాటినిన్ పరీక్ష చేయించుకోండి, పెద్ద ఖర్చేమీ కాదు. థైరాయిడ్ గోలీ వేసుకునేవాళ్ళు దానికీ దీనికీ కనీసం నాలుగు గంటల ఎడం పెట్టాలి, లేకపోతే థైరాయిడ్ గోలీ ఒంటికి పట్టదు. డాక్సీసైక్లిన్, సిప్రోఫ్లాక్సాసిన్ లాంటి యాంటీబయాటిక్‌లు వాడే రోజుల్లో మెగ్నీషియం ఆపేయడం తేలిక. కాల్షియం, ఐరన్ కూడా థైరాయిడ్ గోలీకి ఇలాగే అడ్డం పడతాయి.

మా వదినకి ఇదే జరగబోయింది. ఆవిడకి థైరాయిడ్ ఉంది, పొద్దున్నే పరగడుపున గోలీ, అరగంటకి కాఫీ. నేను మెగ్నీషియం వాడుతున్నానని విని "ఏమ్మా, నేనూ అదే కొనుక్కోనా, పొద్దున ఆ గోలీతో పాటే మింగేస్తే మర్చిపోను" అంది. "వదినా, ఆ రెండూ కలిపి మాత్రం మింగకు, ఇది రాత్రి అన్నం తిన్నాక వేసుకో" అని చెప్పి, సీసాని బ్రష్ పెట్టుకునే గ్లాసు పక్కన పెట్టించాను. ఆవిడ సంగతి చివర్లో మళ్ళీ చెబుతాను.

నెలసరి ముందు రోజుల్లోనే నొప్పి వచ్చేవాళ్ళకి కూడా ముందు మెగ్నీషియమే చూడమంటాను. 1991లో ఇటలీలో 20 మంది ఆడవాళ్ళకి నెలసరి చక్రంలో 15వ రోజు నుంచి మళ్ళీ నెలసరి వచ్చేదాకా రోజుకి 360 మి.గ్రా. ఇచ్చి చూశారు, తలనొప్పి రోజులు తగ్గాయి. ఇరవై మందే, చిన్న లెక్క, కానీ నెలంతా కాకుండా సగం రోజులే వేసుకుంటే చాలు అనేది చాలామందికి సులువు.

తిండిలో తెచ్చుకోవచ్చు కదా అని అడుగుతారు. తెచ్చుకోవాలి కూడా. వంద గ్రాముల రాగి పిండిలో 140 మి.గ్రా. పైచిలుకు ఉంటుంది, రెండు పెద్ద చెంచాల నువ్వుల్లో 60 దాకా, గుమ్మడి గింజల్లో ఇంకా ఎక్కువ. పొద్దున రాగి జావ, సాయంత్రం నువ్వుల ఉండ అలవాటు చేసుకుంటే ఒంటికి మంచిదే, ఆకలితో ఉండటం కూడా తప్పుతుంది. కానీ పరీక్షల్లో వాడినంత మోతాదు రోజూ తిండితోనే అదనంగా రాబట్టడం కష్టం.

ఇప్పుడు బి2, అంటే రైబోఫ్లావిన్. 1998లో బెల్జియంలో 55 మంది మీద చేసిన పరీక్షలో రోజుకి 400 మి.గ్రా. మూడు నెలలు వేసుకున్నవాళ్ళలో 59 శాతం మందికి నొప్పి కనీసం సగానికి తగ్గింది, ఉత్తుత్తి గోలీ వాళ్ళలో 15 శాతానికి. ఇంత తేడా సప్లిమెంట్లలో అరుదు. బ్రిటన్ ప్రభుత్వ వైద్య మార్గదర్శకాల్లో కూడా రోజుకి 400 బి2 కొంతమందికి నొప్పి సంఖ్య, తీవ్రత తగ్గించవచ్చు అని రాశారు. దుష్ఫలితాలు లేవన్నంత తక్కువ, కొందరికి కాస్త విరేచనం, మూత్రం ఎక్కువసార్లు రావడం. మూత్రం మాత్రం పసుపు నీళ్ళలా ముదురుగా వస్తుంది, మొదటి రోజు నేను కామెర్లేమో అని హడలిపోయాను. అది ఒంటికి పట్టని విటమిన్ బయటికి పోవడమే, కంగారు పడక్కర్లేదు.

ఇక్కడ ఒక చిక్కు ఉంది, మీకూ తెలియాలి. మన పేగులు ఒక విడతలో 27 మి.గ్రా. కన్నా పెద్దగా బి2ని పీల్చుకోలేవంటారు. మరి 400 ఎందుకు? 2004లో అమెరికాలో చేసిన ఒక పరీక్షలో 400 బి2, 300 మెగ్నీషియం, ఫీవర్‌ఫ్యూ మూలిక కలిపి కొందరికి ఇచ్చారు, మిగతావాళ్ళకి పోలిక కోసం 25 మి.గ్రా. బి2 మాత్రమే ఇచ్చారు, వాళ్ళకీ మూత్రం పసుపుగా వస్తేనే కదా ఎవరికి ఏది ఇచ్చారో బయటపడకుండా ఉంటుంది. తీరా చూస్తే రెండు జట్లలోనూ దాదాపు ఒకే అంతమందికి నొప్పి సగానికి తగ్గింది, మొదటి జట్టులో 42 శాతం మందికి, రెండో జట్టులో 44 శాతం మందికి. 25 మి.గ్రా. బి2 కూడా పనిచేసిందా, లేక నమ్మకమే పనిచేసిందా అనేది ఆ 49 మందితో తేలలేదు. ఇది తెలిసినా నేను బి2ని రెండో స్థానంలోనే ఉంచుతాను, ఎందుకంటే మూడు నెలలు వాడి ఫలితం లేకపోతే పోయేది కొద్ది డబ్బే, ఒంటికి నష్టం లేదు.

ఒక జాగ్రత్త మాత్రం పట్టుబట్టి చెబుతాను. షాపులో "బి2 కావాలి" అంటే బి కాంప్లెక్స్ స్ట్రిప్పు చేతిలో పెడతారు. నాకూ అదే ఇచ్చారు, "అన్నీ ఉంటాయి మేడం ఇందులో" అన్నారు. అందులో బి2 సాధారణంగా 10 మి.గ్రా. చుట్టుపక్కల ఉంటుంది. 400 కావాలని ఆ గోలీలు గుప్పెడు మింగితే దాంతో పాటు బి6, నియాసిన్ కూడా గుప్పెడు లోపలికి వెళ్తాయి, బి6 ఎక్కువ రోజులు ఎక్కువ మోతాదులో వెళ్తే చేతులు కాళ్ళు తిమ్మిర్లెక్కి నరాలు దెబ్బతింటాయి. కాబట్టి విడిగా రైబోఫ్లావిన్ 100 మి.గ్రా. లాంటిది తెప్పించమని అడగండి, ఒకటి రెండు రోజులు ఆగాల్సి వచ్చినా ఫర్వాలేదు. వెలుతురు తగిలితే ఇది పాడవుతుంది, కిటికీ గట్టు మీద పెట్టకండి.

కోక్యూ10 గురించి తక్కువే చెబుతాను. 2005లో 42 మంది మీద చేసిన పరీక్షలో రోజుకి మూడుసార్లు 100 మి.గ్రా. చొప్పున మూడు నెలలు ఇస్తే 48 శాతం మందికి నొప్పి సగానికి తగ్గింది, ఉత్తుత్తి గోలీ వాళ్ళలో 14 శాతానికి. అంకెలు బాగానే ఉన్నాయి, మనుషులు తక్కువ. అంత మోతాదు వాడితే నెలకి ఖర్చు సులువుగా వెయ్యి దాటుతుంది, మూడు నెలలు చూడాలి, ఆ డబ్బు మీకు బరువు కాకపోతేనే. కొవ్వులో కరిగేది కాబట్టి పరగడుపున కాకుండా భోజనంతో వేసుకోవాలి. రక్తం పలచబడటానికి వార్ఫరిన్ వాడేవాళ్ళు దీన్ని సొంతంగా మొదలుపెట్టకూడదు, ఆ మందు పని తగ్గిపోవచ్చు.

ఈ మూడూ కలిపి ఒకే గోలీగా అమ్మేవి ఉంటాయి, పేరులోనే మైగ్రేన్ అని ధ్వనించేలా. 2015లో జర్మనీలో 130 మంది మీద ఇలాంటి కలిపిన గోలీని చూశారు. నెలలో మైగ్రేన్ రోజులు 6.2 నుంచి 4.4కి వచ్చాయి, ఉత్తుత్తి గోలీ వాళ్ళకి 6.2 నుంచి 5.2కి. తేడా గట్టిగా నిలబడేంత కాదు, కానీ నొప్పి తీవ్రత మాత్రం స్పష్టంగా తగ్గింది. మూడు సీసాలు వాడే ఓపిక లేనివాళ్ళకి ఇది సుఖమే. కానీ ఆ పరీక్షలో ఉన్నవి 400 బి2, 600 మెగ్నీషియం, 150 కోక్యూ10. మీ చేతిలో ఉన్న సీసా వెనక ఒక్కోదాని పక్కన ఎంత ఉందో చదవండి, బి2 పక్కన 5 అని, మెగ్నీషియం పక్కన 50 అని ఉంటే మీరు కొంటున్నది ఆ పరీక్షలో చూసిన మందు కాదు.

మెలటోనిన్ వేరే దారి. 2016లో బ్రెజిల్‌లో 196 మంది మీద చేసిన పరీక్షలో రాత్రి 3 మి.గ్రా. మెలటోనిన్ వేసుకున్నవాళ్ళకి నెలలో 2.7 తలనొప్పి రోజులు తగ్గాయి, డాక్టర్లు మామూలుగా రాసే అమిట్రిప్టిలిన్ 25 మి.గ్రా. వాళ్ళకి 2.2, ఉత్తుత్తి గోలీ వాళ్ళకి 1.1. అంతకు ముందు నార్వేలో 2 మి.గ్రా. నెమ్మదిగా విడుదలయ్యే రకం ఇచ్చి చూస్తే తేడా రాలేదు. అందుకని అందరికీ చెప్పను, నైట్ షిఫ్టులు చేసేవాళ్ళు, అమెరికా టైముకి పనిచేసే ఐటీ పిల్లలు, రాత్రి రెండు దాకా నిద్ర రానివాళ్ళు డాక్టరుని అడిగి చూడొచ్చు. మర్నాడు మగతగా ఉంటే బండి నడపకండి.

విటమిన్ డి మన దగ్గర చాలామందికి తక్కువే, పరీక్ష చేయించి తక్కువ ఉంటే సరిచేసుకోవాలి, అది మైగ్రేన్ ఉన్నా లేకపోయినా. డెన్మార్క్‌లో 48 మందితో చేసిన చిన్న పరీక్షలో రోజుకి 4000 యూనిట్లతో నొప్పి రోజులు తగ్గాయి కూడా. కానీ వారానికోసారి వేసుకునే 60 వేల యూనిట్ల గోలీని డాక్టరు చెప్పిన వారాలు దాటాక కూడా నెలల తరబడి వేసుకుంటూ పోయేవాళ్ళు ఉన్నారు. అది ఒంట్లో పేరుకుని కాల్షియం పెంచుతుంది, అప్పుడు వచ్చే తలనొప్పి, వాంతులు మైగ్రేనే అనుకుంటారు.

ఒమేగా3 అనే మంచి కొవ్వు కోసమైతే గోలీలకన్నా చేపకి ఓటు వేస్తాను. 2021లో అమెరికాలో 182 మందితో 16 వారాలు చేసిన పరీక్షలో గోలీలు కాదు, తిండే మార్చారు. చేప ఎక్కువ తిన్నవాళ్ళకి నెలకి రెండు తలనొప్పి రోజులు, చేప ఎక్కువ తిని పొద్దుతిరుగుడు లాంటి నూనెల్లోని ఒమేగా6 కూడా తగ్గించినవాళ్ళకి నాలుగు రోజులు తగ్గాయి. మనకి దీనికి పనికొచ్చేవి సముద్రపు చేపలు, కానాగంతలు, కవ్వలు. చెరువుల్లో పెంచే బొచ్చె, శీలావతిలో ఒమేగా3 తక్కువ. ఇగురు పెట్టండి, నూనెలో వేయిస్తే ఒక చేత్తో ఇచ్చి ఇంకో చేత్తో తీసుకున్నట్టే.

ఫీవర్‌ఫ్యూ చామంతి జాతి మొక్క. బాగా తయారుచేసిన ఒక సారంతో నెలకి ఒక నొప్పిలో సగం కన్నా కాస్త ఎక్కువ తగ్గింది, అంతే. గర్భిణులు తీసుకోకూడదు, రక్తం పలచబడే మందులతో వద్దు, చాలాకాలం వాడి ఒక్కసారిగా ఆపితే నొప్పి తిరగబెట్టొచ్చు. ఆన్‌లైన్‌లో దొరికే పొడుల్లో ఏముందో తెలీదు కాబట్టి నేను కొనను. అల్లం, శొంఠి నొప్పి మొదలైనప్పుడు వికారానికి పనికొస్తాయి, కానీ రాకుండా ఆపడానికి రోజూ అల్లం గోలీలు వేసుకుంటే ఉత్తుత్తి గోలీకన్నా మెరుగు కాలేదని బ్రెజిల్‌లో చేసిన పరీక్షలో తేలింది. అమ్మ శొంఠి పట్టు మాత్రం నేను మానలేదు, అది వేస్తే నాకు హాయి.

బటర్‌బర్ విషయంలో జాగ్రత్తగా వినండి. 2012 నాటి అమెరికా నరాల డాక్టర్ల సూచనల్లో ఇదే అన్నిటికన్నా పై మెట్టు మీద ఉంది, పరీక్షల్లో నిజంగా పనిచేసింది. కానీ ఆ మొక్కలో సహజంగా ఉండే కొన్ని విషపదార్థాలు కాలేయాన్ని దెబ్బతీస్తాయి, వాటిని తీసేశాం అని చెప్పి అమ్మినవి వాడినా కాలేయం పాడైన సందర్భాలు బయటపడ్డాయి. 2015లో ఆ డాక్టర్ల సంఘమే తన సిఫారసు వెనక్కి తీసుకుంది. పాత వ్యాసాల్లో ఇంకా ఇదే మొదటి పేరుగా కనిపిస్తుంది, అమెరికా నుంచి వచ్చే చుట్టాలతో తెప్పించుకునేవాళ్ళు ఉంటారు. వద్దు.

నొప్పి రోజులు నెలకి ఎనిమిదో పదో ఉంటే సప్లిమెంట్లతో కాలం గడపకండి. నాలుగు దాటినా, పని ఆగిపోతున్నా, ప్రొప్రనొలాల్, అమిట్రిప్టిలిన్, ఫ్లునారిజిన్, టోపిరమేట్ లాంటి నివారణ మందుల గురించి డాక్టరుతో మాట్లాడే హక్కు మీకుంది. మెగ్నీషియమో బి2నో వాటితో పాటు సాధారణంగా వాడొచ్చు, ఏది వాడుతున్నారో మాత్రం చెప్పాలి. పిల్లల కోసం చూస్తున్న ఆడవాళ్ళకి సంగతి వేరు. టోపిరమేట్, వాల్‌ప్రోయేట్ కడుపులో బిడ్డకి ప్రమాదం, ఆ మందుల మీద ఉంటే ముందే చెప్పి మార్పించుకోవాలి. అప్పుడు మెగ్నీషియం, బి2 అయినా మోతాదు గైనకాలజిస్టు చెప్పిందే.

కొనేటప్పుడు సీసా మీద ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (మన ఆహార భద్రత సంస్థ) నంబరు, 14 అంకెలు, ఉందో లేదో చూడండి. సప్లిమెంటుగా అమ్మేవాటి మీద ఇది మందుగా వాడటానికి కాదు అని రాసి ఉంటుంది, అది రూలు ప్రకారం రాయాల్సిందే. మైగ్రేన్ పూర్తిగా నయం చేస్తాం అని రాసిన సీసా ఆ మాట ఒక్కదానితోనే పక్కన పెట్టేయొచ్చు.

లెక్క ఎలా రాయాలో కూడా చెబుతాను. యాప్‌లు ఉన్నాయి, నాకు గోడ క్యాలెండరే నచ్చింది. నొప్పి వచ్చిన రోజు గడిలో ఎర్ర చుక్క, గోలీ వేసుకుంటే చుక్క కింద గీత, నెలసరి రోజుకి చిన్న సున్నా. మన క్యాలెండరులో తిథులు ఎలాగూ ఉంటాయి కదా, నాలుగు నెలలు తిరగేసి చూస్తే నా ఎర్ర చుక్కలు ఏకాదశుల మీద, కార్తీక సోమవారాల మీద ఉన్నాయి. అమావాస్య, గ్రహాల సంగతి కాదు, ఆ రోజుల్లో ఉపవాసం ఉండి కాఫీ కూడా మానేస్తున్నాను. ఉపవాసం పూర్తిగా మానలేదు, పాలు, పళ్ళు, వేళకి కాఫీ తీసుకుంటున్నాను. ఆ ఒక్క మార్పుకి నాకు నెలకి ఒకటి రెండు చుక్కలు తగ్గాయి, ఏ సీసా కొనకుండానే. మీరు కూడా సప్లిమెంట్ మొదలుపెట్టే ముందు ఒక నెల ఖాళీగా లెక్క రాయండి, లేకపోతే తర్వాత వచ్చిన తేడాని దేనితో పోలుస్తారు?

పన్నెండు వారాలు అయ్యాక చుక్కలు సగానికి తగ్గితే అదే కొనసాగించి, ఆరు నెలల తర్వాత డాక్టరుని అడిగి మెల్లగా ఆపి చూడండి. పావు వంతు తగ్గితే మీ ఇష్టం, నేనైతే దాన్ని ఉంచి రెండోది కలుపుతాను. ఏమీ తగ్గకపోతే ఆపేయండి, మోతాదు రెట్టింపు చేయకండి.

నా విషయంలో మెగ్నీషియం ఒక్కటే మూడు నెలలు వాడితే నెలకి ఏడు చుక్కలు నాలుగయ్యాయి, బి2 కలిపాక మూడు, కొన్ని నెలలు మళ్ళీ నాలుగు, అంటే బి2 నాకు పనిచేసిందో లేదో నిజాయితీగా చెప్పలేను. వదిన రాత్రి సిట్రేట్ మొదలుపెట్టి ఇది ఏడో వారం. మొదటి నెల ఖాళీ లెక్కలో ఆవిడకి ఆరు చుక్కలు, నిన్న ఫోన్లో అడిగితే ఈ నెల ఇప్పటికి రెండు అంది, ఇంకా తొమ్మిది రోజులున్నాయి నెలకి. థైరాయిడ్ పరీక్ష వచ్చే వారం చేయించుకోమన్నాను, ఆ రిపోర్టు, క్యాలెండరు పేజీలు రెండూ తీసుకుని డాక్టరు దగ్గరికి వెళ్తోంది.